పాతదైతే ఖరీదైనదేనా? అమెరికా ఎన్నికల బటన్ల అసలు లెక్క

1896లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన మెకిన్లీ ప్రచారం కోసం తయారైన బటన్ ఒకటి, రంగులు ఇంకా చక్కగా ఉన్నది, ఈ రోజు కూడా ఇరవై ముప్పై డాలర్లకు దొరుకుతుంది. దానికంటే ఇరవై నాలుగేళ్లు చిన్నదైన 1920 నాటి బటన్ 2022లో హేక్స్ వేలంలో 1,85,000 డాలర్లకు పైగా పలికింది. రెండూ రేకు, కాగితం, పైన సన్నటి సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) పొర, అంతే. పాత వస్తువుల గురించి మనందరికీ ఒక లెక్క ఉంటుంది కదా, ఎంత పాతదైతే అంత విలువ అని, అది ఇక్కడ అసలు పనిచేయదు. ఆ ప్రచారం చేతిలో ఎంత డబ్బుండేది, ఎన్నిక అయ్యాక జనం ఆ బిళ్లను దాచుకున్నారా పారేశారా, అసలు మన చేతిలో ఉన్నది అప్పటిదేనా అన్నవి తెలియకుండా ధర గురించి మాట్లాడటమే దండగ. కొత్తగా ఈ సరదాలోకి దిగేవాళ్లు డబ్బులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మనం బ్యాడ్జి అంటామే, కోటుకో జేబుకో పిన్నుతో గుచ్చుకునే గుండ్రటి బిళ్ల, దాన్నే అక్కడ బటన్ అంటారు. మొదట్లో మాత్రం నిజంగా గుండీలే. 1789లో జార్జి వాషింగ్టన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు ఆయన పేరులోని అక్షరాలు ముద్రించిన లోహపు గుండీలు చేయించి జనం కోట్లకు కుట్టించుకున్నారు. అవి ఓట్లడగడానికి చేసినవి కావు, ఆయనకు పోటీ ఎక్కడుంది, వేడుక గుర్తులు మాత్రమే. ఓట్ల కోసం వస్తువులు కుప్పలుగా పంచడం 1840లో ఊపందుకుంది. విలియం హెన్రీ హారిసన్‌ను ఎగతాళి చేస్తూ ప్రత్యర్థుల పత్రిక ఒకటి, ఈయనకు ఓ పీపా సైడర్ సారా, కాస్త పింఛను ఇస్తే దుంగల గుడిసెలో కూర్చుని కాలం గడిపేస్తాడు అన్న అర్థంలో రాసింది. ఆయన పార్టీ ఆ గుడిసెనే గుర్తుగా పట్టేసుకుని పట్టు రిబ్బన్ల మీద, లోహపు బిళ్లల మీద, పింగాణీ సామాన్ల మీద అచ్చేసింది. నిజానికి హారిసన్ పుట్టింది వర్జీనియాలో ఒక పెద్ద భూస్వామి భవంతిలో! పేదవాడి ఇంట్లోంచి వచ్చిన నాయకుడు అనే బొమ్మను ఎన్నికల సరుకుగా తయారుచేయడం ఎంత పాత విద్యో చూడాలంటే ఆ రిబ్బన్లు చూడాలి.

1860 నాటికి ఫొటో వచ్చింది. లింకన్ ప్రచారంలో చిన్న ఇనుప రేకు మీద ఫొటో తీసి, ఇత్తడి చట్రంలో బిగించి, ఒకవైపు లింకన్, రెండో వైపు ఉపాధ్యక్ష అభ్యర్థి హానిబల్ హామ్లిన్ వచ్చేలా బిళ్లలు చేశారు. వీటిని ఫెర్రోటైప్‌లు అంటారు. కలెక్టర్లు వీటిలో మొదట చూసేది గడ్డం. లింకన్ గడ్డం పెంచింది 1860 నవంబరులో గెలిచిన తర్వాతే, కాబట్టి 1860 ప్రచారానిది అంటూ గడ్డం ఉన్న బొమ్మ చూపిస్తే అక్కడే ఆగి ఆలోచించాలి. 1864కు వచ్చేసరికి గడ్డమూ ఉంటుంది, జంటగా హామ్లిన్ బదులు ఆండ్రూ జాన్సన్ ఉంటాడు.

ఇవాళ మనం బటన్ అనుకునే రూపం వచ్చింది 1896 ఎన్నికలతో. న్యూజెర్సీలోని నెవార్క్‌లో వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే కంపెనీ ఉండేది. రేకు బిళ్ల మీద అచ్చేసిన కాగితం, దాని మీద పారదర్శకమైన సెల్యులాయిడ్ పొర పరిచి, డబ్బా మూత అంచు మడిచినట్టు మూడింటినీ వెనక్కి మడిచి లోపల ఒక లోహపు రింగు బిగిస్తారు, స్ప్రింగులాంటి పిన్ను ఆ రింగులోనే కూర్చుంటుంది. ఈ పద్ధతికి పేటెంట్లు వాళ్ల చేతిలో ఉండేవి. చవక, తేలిక, పైగా ఎన్ని రంగులైనా వేయొచ్చు. ఆ ఏడాది మెకిన్లీకి, విలియం జెన్నింగ్స్ బ్రయన్‌కు మధ్య పోటీ బంగారం, వెండి నాణేల గొడవ చుట్టూ నడిచింది. మెకిన్లీ తరఫున మార్క్ హన్నా వ్యాపారుల దగ్గర సుమారు 35 లక్షల డాలర్లు పోగుచేశాడు, ఆ రోజుల్లో అది ఊహకందని మొత్తం. బటన్లు లెక్కలేనన్ని అచ్చయ్యాయి, కొత్త వస్తువు కాబట్టి జనం ముచ్చటపడి డబ్బాల్లో దాచుకున్నారు. అందుకే నూట పాతికేళ్లు దాటినా ఇప్పటికీ చవకగా దొరుకుతున్నాయి. నా మటుకు నాకు ఆ కాలపు పనితనం తర్వాత మళ్లీ రాలేదనిపిస్తుంది, అంగుళం కూడా లేని బిళ్ల మీద అంత నాజూకైన రంగులు! కొత్తవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక చిక్కుంది. చాలా బటన్ల వెనక, రింగు లోపల ఒక గుండ్రటి చిన్న కాగితం ఉంటుంది, దాని మీద కంపెనీ పేరు, పేటెంట్ తేదీలు ఉంటాయి. వైట్‌హెడ్ అండ్ హోగ్ కాగితం మీద 1896 జులై 21 అనే తేదీ చూసి, ఇది 1896 బటన్ అని సంబరపడేవాళ్లు చాలామంది. అది పేటెంట్ ఇచ్చిన రోజు. అదే తేదీ ఉన్న కాగితాలను కంపెనీ ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వాడింది. కాగితం చెప్పేది ఆ తేదీకి ముందుది కాదు అని మాత్రమే. అయినా ఆ కాగితాన్ని తీసిపారేయకూడదు, అది ఉంటే ఎవరు చేశారో తెలుస్తుంది, ధర కూడా నిలబడుతుంది.

ఇప్పుడు 1920 సంగతి. డెమొక్రాట్ల తరఫున జేమ్స్ కాక్స్, ఆయనకు జంటగా అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ల ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. ఎదురుగా హార్డింగ్, దాదాపు అరవై శాతం ఓట్లతో ఊడ్చేశాడు. డెమొక్రాట్ల దగ్గర డబ్బుల్లేవు, ఫొటోలు వేసిన బటన్లు చాలా తక్కువ చేయించారు, పైగా చిత్తుగా ఓడిన ప్రచారానిది కాబట్టి దాచుకున్నవాళ్లూ తక్కువే. అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల ముఖాలు పక్కపక్కన ఉన్న బటన్‌ను కలెక్టర్లు జూగేట్ అంటారు. కాక్స్, రూజ్‌వెల్ట్ జూగేట్లు అన్ని రకాలూ కలిపినా కొన్ని పదుల్లోనే మిగిలాయి. తర్వాత రూజ్‌వెల్ట్ నాలుగుసార్లు అధ్యక్షుడిగా గెలవడంతో ఈ చిన్న బిళ్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అదే ఎన్నికలో ఫొటోల్లేకుండా ఇద్దరి పేర్లు మాత్రమే ఉన్న బటన్లు దీనితో పోలిస్తే ఎంతో తక్కువకు దొరుకుతాయి. అంటే ఒకే ప్రచారం, ఒకే ఏడాది, ముఖాలు ఉన్నాయా లేవా అన్న ఒక్క తేడా. 1924లో డెమొక్రాట్ల అభ్యర్థి జాన్ డేవిస్ జూగేట్లదీ ఇంచుమించు ఇదే కథ.

డబ్బుతో కొలిచే అరుదుదనం ఒకటైతే, నన్ను ఎక్కువ కదిలించేది మరో రకం. అదే 1920లో సోషలిస్టు పార్టీ అభ్యర్థి యూజీన్ డెబ్స్ అట్లాంటా జైల్లో ఉన్నాడు. 1918లో ఒహాయోలోని కాంటన్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా ప్రసంగించినందుకు పదేళ్ల శిక్ష వేశారు. జైలు దుస్తుల్లో ఆయన ఫొటోతో, అధ్యక్ష పదవికి ఖైదీ నంబర్ 9653 అని రాసిన బటన్ వేశారు. ఒక్క సభలోనైనా మాట్లాడే వీల్లేని మనిషికి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి! ఆ బటన్ పెట్టుకుని వీధిలోకి వెళ్లడం ఆ రోజుల్లో తేలికైన పని కాదు, యుద్ధాన్ని విమర్శించినవాళ్లను దేశద్రోహులుగా చూస్తున్న సమయం అది. నకళ్లు కూడా ఉన్నాయి కాబట్టి కొనేటప్పుడు జాగ్రత్త. కానీ చరిత్ర పుస్తకంలో ఒక పేరాతో దాటిపోయే విషయం ఎవరో ఒకరి కోటు మీద ధైర్యంగా నిలబడిందని ఇంత సూటిగా చెప్పే వస్తువు ఇంకొకటి నాకు తెలియదు.

1920 జూగేట్ల కథకు పూర్తిగా తిరగబడ్డ ఉదాహరణ 1972. డెమొక్రాట్ల అభ్యర్థి మెక్‌గవర్న్, ఉపాధ్యక్ష అభ్యర్థిగా థామస్ ఈగల్టన్‌ను ఎంచుకున్నాడు. గతంలో డిప్రెషన్‌కు ఆసుపత్రిలో చికిత్స తీసుకున్న విషయం బయటపడటంతో ఈగల్టన్ పద్దెనిమిది రోజులకే తప్పుకోవాల్సి వచ్చింది, ఆ స్థానంలోకి సార్జెంట్ ష్రైవర్ వచ్చాడు. పద్దెనిమిది రోజులే బతికిన జంట కదా, ఇవి రేపు బంగారం అవుతాయని జనం ఈగల్టన్ బటన్లు దొరికినవి దొరికినట్టు దాచేశారు. అందరూ దాచడం వల్లే అవి ఇప్పటికీ మామూలు ధరకు బోలెడు దొరుకుతున్నాయి. విలువ పెరుగుతుందని అందరికీ తెలిసిన వస్తువు అరుదు కాలేదు. ఈ రోజుల్లో ప్రతి ఎన్నికకూ సావనీర్ అని ముద్ర వేసి పెట్టెల్లో అమ్మేవాటి గతి కూడా ఇదే.

తేదీ కనిపెట్టడంలో నాకు చాలా ఇష్టమైనవి మహిళల ఓటు హక్కు ఉద్యమం బటన్లు. వాటిలో కొన్నింటి మీద నక్షత్రాలు ఉంటాయి, ఒక్కో నక్షత్రం మహిళలకు ఓటు ఇచ్చిన ఒక్కో రాష్ట్రానికి గుర్తు. వయోమింగ్, కొలరాడో, యూటా, ఐడహో కలిపి నాలుగు. 1910లో వాషింగ్టన్ రాష్ట్రం చేరి ఐదు, 1911లో కాలిఫోర్నియాతో ఆరు. నక్షత్రాలు లెక్కపెడితే ఆ బటన్ ఏ ఏడాది ప్రాంతానిదో అర్థమైపోతుంది. ఒక పోరాటం ఒక్కో రాష్ట్రం గెలుచుకుంటూ వెళ్లిన దారి అంతా ఆ అంగుళం బిళ్ల మీదే ఉంది.

కాగితాల దగ్గరికి వద్దాం. బటన్ల మోజులో పడి చాలామంది వీటిని పట్టించుకోరు, నా దృష్టిలో అసలు చరిత్ర ఇక్కడే ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం అమెరికాలో ప్రభుత్వం బ్యాలెట్ అచ్చువేసేది కాదు. ఎవరి బ్యాలెట్ వాళ్ల పార్టీయే అచ్చేసి ఓటర్లకు పంచేది, ఓటరు దాన్ని తీసుకెళ్లి పెట్టెలో వేసేవాడు. చాలాసార్లు ఒక్కో పార్టీ కాగితం ఒక్కో రంగులో ఉండేది, ఎవరు ఎవరికి వేస్తున్నారో చుట్టూ ఉన్నవాళ్లకు దూరం నుంచే తెలిసిపోయేది. మీ యజమాని, మీకు అప్పిచ్చినవాడు అక్కడే నిలబడి చూస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1860లో దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో లింకన్ పేరున్న బ్యాలెట్లే పంచలేదు, అంటే ఆయనకు ఓటు వేయాలని ఉన్నా వేయడానికి కాగితం లేదు. పంచిన వర్జీనియాలోనూ ఆయనకు రెండు వేల ఓట్లు కూడా రాలేదు.

ప్రభుత్వమే అచ్చువేసే రహస్య బ్యాలెట్ మసాచుసెట్స్‌లో 1888లో చట్టమైంది, 1896 నాటికి ఎక్కువ రాష్ట్రాలకు పాకింది. ఇక్కడ నాకు తోచిన మాట ఒకటి చెప్పాలి. సెల్యులాయిడ్ బటన్ వరదలా వచ్చింది సరిగ్గా ఆ సమయానికే. అంతవరకు ఓటు అందరి ముందూ జరిగేది, ఇప్పుడది తెర వెనక్కి వెళ్లింది, దాంతో తన పక్షం ఏదో చెప్పాలనుకున్నవాడు దాన్ని తానే ఎంచుకుని కోటు మీద పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకే పెట్టెలో 1870ల నాటి పార్టీ బ్యాలెట్, 1896 బటన్ పక్కపక్కన పెట్టి చూపిస్తే, ఎన్నికల పద్ధతి ఎలా మారిందో గంట ఉపన్యాసం కంటే బాగా అర్థమవుతుంది. పాత పార్టీ బ్యాలెట్లు, పెద్ద పేర్లవి తప్ప, మామూలు జీతగాడు కొనగలిగే ధరలోనే ఉంటాయి కూడా. వాటి మీద ఎలక్టర్ల, అంటే రాష్ట్రం తరఫున అధ్యక్షుడిని లాంఛనంగా ఎన్నుకునే ప్రతినిధుల, పేర్లు వరసగా ఉంటాయి, ఆ పేర్లను బట్టి ఏ రాష్ట్రం, ఏ ఏడాది అన్నది తేల్చుకోవచ్చు.

ఇవి కాక పార్టీ మహాసభల పాస్‌లు, ప్రతినిధుల రిబ్బన్లు, ప్రమాణ స్వీకార ఆహ్వానాలు, పోస్టర్లు, పత్రికలు ఉన్నాయి. 1868లో అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ మీద అభిశంసన విచారణ జరిగినప్పుడు గ్యాలరీలో కూర్చోవడానికి సెనేట్ టికెట్లు అచ్చువేసింది, తోపులాట అంతగా ఉండేది మరి. ఒక్కో రోజుకు ఒక్కో రంగు టికెట్, అందుకే వాటిని సేకరించేవాళ్లకు అదో పెద్ద వేట. 1948లో ట్రూమన్‌ను డ్యూయీ ఓడించాడని షికాగో ట్రిబ్యూన్ తప్పు శీర్షిక వేసింది చూశారా, దాని వెనక అచ్చు కార్మికుల సమ్మె ఉంది. సమ్మె వల్ల పేజీలు టైపు చేసి ఫొటో తీసి అచ్చువేయాల్సి వచ్చింది, పేపరు మామూలుకంటే ముందే ప్రెస్సుకు వెళ్లిపోయింది, ఫలితాలు ఇంకా రాలేదు. ఆ పేజీ నకళ్లు కొల్లలుగా ఉన్నాయి, అసలు కాగితం పాత న్యూస్‌ప్రింట్, పసుపెక్కి పెళుసుగా ఉంటుంది.

సంతకం ఉన్న ఉత్తరాల విషయంలో నేను చెప్పేది ఒక్కటే, తొందరపడకండి. కెనడీ పేరుతో వెళ్లిన ఉత్తరాల్లో చాలావాటి మీద సంతకం ఆయన సెక్రటరీలదో, ఆటోపెన్ యంత్రానిదో. తర్వాతి అధ్యక్షులూ ఆ యంత్రాన్ని వాడారు. ఒకే రకం సంతకం, గీత కూడా తేడా లేకుండా, రెండు వేర్వేరు ఉత్తరాల మీద కనిపిస్తే అది యంత్రం పనే, ఎందుకంటే మనిషి చెయ్యి రెండుసార్లు అచ్చంగా ఒకేలా పెట్టదు. ఇంకో విషయం, 1978 నాటి అధ్యక్ష రికార్డుల చట్టం తర్వాత, అంటే 1981 జనవరి 20 నుంచి పదవిలోకి వచ్చినవాళ్ల అధికారిక పత్రాలు ప్రభుత్వ ఆస్తి. ప్రచార కరపత్రం మీ ఇష్టం, వైట్‌హౌస్ ఫైలు కాగితం అలా కాదు, ఎంత చవకగా ఇస్తామన్నా ముట్టుకోవద్దు.

నకిలీల గురించి. అన్నిటికంటే పనికొచ్చే గుర్తు తయారీ పద్ధతి. కాగితం, సెల్యులాయిడ్ ఏమీ లేకుండా రేకు మీదే నేరుగా రంగులు అచ్చువేసే లిథో బటన్లు ప్రచారాల్లోకి వచ్చింది 1920 ప్రాంతంలో. కాబట్టి మెకిన్లీ 1896 బటన్ లిథోలో కనిపిస్తే అది అప్పటిది కానే కాదు, ఇంకేమీ చూడక్కర్లేదు. అంచు మీద రంగు నేరుగా రేకుకే అంటుకుని ఉందా, లేక పైన పారదర్శక పొర వెనక్కి మడిచి ఉందా, భూతద్దంతో చూస్తే ఇట్టే తెలుస్తుంది. ఇలాంటి లిథో నకళ్లు ఎక్కడివంటే, 1968లో క్లీనెక్స్ టిష్యూ వాళ్లు, 1972లో అమెరికన్ ఆయిల్ కంపెనీ తమ సరుకు ప్రచారం కోసం పాత బటన్ల నమూనాలను సెట్లుగా అచ్చువేశారు. వాళ్ల తప్పేమీ లేదు, అంచు మీద పేరు, ఏడాది చిన్న అక్షరాలతో వేశారు. ఆ అక్షరాలను గీకేసి, వెనక రంగు పూసి పాతవని అమ్మేవాళ్లది పచ్చి మోసం. అంచు మీద గీకిన గుర్తు కనిపిస్తే ఆ బటన్ వదిలేయండి. 1973లో హాబీ ప్రొటెక్షన్ యాక్ట్ వచ్చాక నకలు రాజకీయ వస్తువు మీద తయారైన ఏడాది చెరిగిపోకుండా వేయాలన్నది చట్టం, అయితే అంతకుముందు తయారైనవాటికి అది వర్తించదు. 1945లో ఏర్పడిన అమెరికన్ పొలిటికల్ ఐటమ్స్ కలెక్టర్స్ సంఘం నకిలీల వివరాలు ఎప్పటినుంచో ప్రచురిస్తోంది, పెద్ద మొత్తం పెట్టేముందు అవి చూడాల్సిందే.

ఇంట్లో పెట్టుకునే తీరు. సెల్యులాయిడ్ బటన్‌కు అసలు శత్రువు నీళ్లు. తడి గుడ్డతో తుడిస్తే అంచు సందులోంచి తేమ లోపలికి దిగి కాగితం మీద గోధుమరంగు మచ్చలు పుడతాయి, రేకు తుప్పు పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. పొడి మెత్తటి గుడ్డ చాలు. ఎండ తగిలే గోడకు తగిలించొద్దు, రంగులు వెలిసిపోతాయి. పాత సెల్యులాయిడ్ తేలిగ్గా అంటుకునే పదార్థం కూడా, వేడికి దూరంగా ఉంచాలి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లకు తెచ్చుకుని పెట్టేవాళ్లు సముద్రపు గాలిని మర్చిపోవద్దు, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. కాగితాలను పీవీసీ కవర్లలో పెట్టడం, టేపు అంటించడం, లామినేషన్ చేయించడం మాత్రం దయచేసి వద్దు, లామినేషన్ చేసిన కాగితం విలువ ఆ రోజుతో సరి.

మన తెలుగువాళ్లు చాలామంది న్యూజెర్సీలో, ఎడిసన్ చుట్టుపక్కల ఉంటారు. ఒకప్పుడు ఈ బటన్లలో పెద్ద భాగం తయారైన నెవార్క్ అక్కడికి కాస్త దూరమే. వారాంతంలో జరిగే పాత సామాన్ల సంతల్లో, పెద్దవాళ్లు పోయిన ఇళ్లలో సామాను అమ్మే చోట డబ్బాల అడుగున ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి. అధ్యక్షుల వెంటే పడకుండా గవర్నర్లు, మేయర్లు, స్కూలు బోర్డు అభ్యర్థుల బటన్లు కూడా చూడండి. అవి తక్కువ సంఖ్యలో అచ్చవుతాయి, ఎవరూ దాచరు, ధర కూడా తక్కువే. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో గవర్నర్ అభ్యర్థి వెస్ మూర్‌కు జంటగా నిలిచి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ఆ ప్రచారపు కరపత్రాలు, బోర్డులు, బటన్లు మీ గ్యారేజీలో ఉంటే చెత్తలో వేయకండి. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్లు పార్టీ మహాసభలకు స్వయంగా వెళ్లి ఇలాంటి వస్తువులే ఏరి తెచ్చుకుంటారు, మనవాళ్ల ఎన్నికల సరుకు మనం దాచకపోతే ఇంకెవరు దాస్తారు? దాచేటప్పుడు ఒక చిన్న చీటీ మీద పెన్సిల్‌తో అది ఎక్కడ, ఏ రోజు, ఏ సభలో, ఎవరి చేతి నుంచి వచ్చిందో రాసి పక్కనే పెట్టండి, పెన్ను సిరా కాలం గడిస్తే పక్కనున్న కాగితానికి అంటుకుంటుంది.